మేడలు సరే, మడమలు చూశారా?

(విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ ఒకరు పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అమ్మకు 79 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. షుగర్, బీపీ ఉన్నాయి. రోజుకు తొమ్మిది రకాల మందులు. సాయంత్రమయ్యేసరికి కంగారు మొదలవుతుంది. ఇంట్లోనే కూర్చుని "ఇంటికి వెళ్దాం పదండి" అంటుంది. నాకూ మావారికీ ఉద్యోగాలు, అన్నయ్య విదేశంలో ఉంటాడు. అమ్మను చూసుకోవడానికి పెట్టుకున్న మనుషులు ఇద్దరూ మానేశారు. చివరికి సీనియర్ లివింగ్‌లో చేర్పిద్దామని రెండు చోట్ల చూశాం. మొదటిది కొత్త భవనం. పెద్ద లాబీ, స్విమ్మింగ్ పూల్, లైబ్రరీ, "24 గంటల నర్సింగ్" అని బోర్డు. తిప్పి చూపించిన అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. రెండోది పాతది, గోడలకు రంగు వెలిసిపోయింది. కానీ అక్కడ ఒక ఆయా కిటికీ పక్కన కూర్చుని ఓ పెద్దావిడ తల చిక్కు తీస్తూ కబుర్లు చెబుతోంది. అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అన్నయ్య వీడియో చూసి మొదటిదే ఖాయం చేయమంటున్నాడు. నర్సింగ్ బాగుందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఏం అడగాలి? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట చెప్పండి. మీ అమ్మగారు ఈత కొడతారా? కొట్టరనే అనుకుంటాను. అయితే ఆ పూల్ ఆవిడ కోసం కట్టింది కాదు, వీడియో చూసే మీ అన్నయ్యగారి కోసం కట్టింది.

ఆ బోర్డు సంగతి చూద్దాం. "24 గంటల నర్సింగ్" అనే మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం. కొన్నిచోట్ల నర్సింగ్ చదివిన మనిషి రాత్రంతా ఆ అంతస్తులోనే మేలుకుని ఉంటుంది. కొన్నిచోట్ల ఆయా ఉంటుంది, నర్సు ఫోన్‌లో దొరుకుతుంది. ఇంకొన్నిచోట్ల నర్సు పక్క బ్లాకులో ఉంటుంది, లిఫ్ట్ దిగి తోట దాటి రావాలి. బోర్డు మాత్రం అన్నిచోట్లా ఒకటే. అందుకని ఆ మర్యాదస్తుడైన అబ్బాయిని వదిలేసి, నర్సింగ్ ఇన్‌చార్జి ఎవరో కనుక్కుని ఆవిడతో పది నిమిషాలు కూర్చుంటానని చెప్పండి. "నిన్న రాత్రి రెండు గంటలకు ఈ అంతస్తులో ఎంతమంది పెద్దవాళ్లున్నారు? మెలకువగా డ్యూటీలో ఎంతమంది ఉన్నారు? అందులో నర్సులెవరు, ఆయాలెవరు?" అని అడగండి. "మామూలుగా ఎంతమంది ఉంటారు" అని అడగొద్దు. మామూలు లెక్క ఎక్కడైనా బాగానే ఉంటుంది. నిన్న రాత్రి లెక్క కావాలంటే డ్యూటీ రిజిస్టరు తియ్యాలి. తీసేవాళ్లు తీస్తారు, నసిగేవాళ్లు నసుగుతారు. రెండూ మీకు జవాబులే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. 34 ఏళ్లు నర్సింగ్ చేసిన నేను మా అక్క విషయంలో బోల్తా పడ్డాను. పక్షవాతం వచ్చాక ఆవిడను ఒకచోట చేర్చాం. పేరెందుకు లెండి. నేనే వెళ్లి చూసుకుని వచ్చాను. మోటారు మంచాలు, ఆక్సిజన్ లైను, గోడకు మానిటర్లు. ఆసుపత్రి మనిషిని కదా, మీ అన్నయ్యగారు పూల్ చూసి మురిసినట్టే నేను సామాను చూసి మురిసిపోయాను. ఆరో వారంలో ఓ రోజు సాయంత్రం నాలుగున్నరకు చెప్పాపెట్టకుండా వెళ్లాను. మంచం కాళ్ల దగ్గర ఛార్టు వేలాడుతోంది. రెండేసి గంటలకోసారి ఎడమ పక్కకు, వెల్లకిలా, కుడి పక్కకు తిప్పినట్టు రాసే ఛార్టు. రాత్రి ఎనిమిది గంటల గడి దాకా నిండిపోయి ఉంది. నా వాచీ ఆగిపోయిందేమోనని చూసుకున్నాను. ఆరింటికి ఎడమ పక్క, ఎనిమిదింటికి వెల్లకిలా. ఒకే పెన్ను, ఒకే వాలు రాత, ఒకే సంతకం. దుప్పటి తీసి అక్క సాక్సు విప్పాను. కుడి మడమ మీద చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద నల్లమచ్చ. వేలు పెడితే మెత్తగా లేదు, తోలుముక్కలా ఉంది. ఆ పడకపుండు మానడానికి ఏడు నెలలు పట్టింది.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు మంచాల కాళ్లవైపే పోతుంది. మడమ దగ్గర ఎముకకూ చర్మానికీ మధ్య కండ పెద్దగా ఉండదు. కదల్లేని మనిషి కాలి బరువంతా గంటల తరబడి ఆ కొంచెం చోటు మీదే ఉంటే రక్తం ఆడక లోపల కండ చస్తుంది. పైకి కనిపించేటప్పటికే లోపల చాలా పాడై ఉండొచ్చు. తుంటి ఎముక విరిగినవాళ్లు మంచం మీద ఎక్కువసేపు ఉంటారు, పైగా మీ అమ్మగారికి షుగర్. అందుకే ఇంతగా చెబుతున్నాను. మంచి నర్సు పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచుతుంది. ఆ దిండుకు ఖర్చేమీ కాదు. మీరు పరాయివాళ్ల దుప్పట్లు ఎత్తి చూడక్కర్లేదు. తలుపు తీసి ఉన్న గదుల ముందు నుంచి నడిచి వెళ్తుంటే దిండు ఎక్కడుందో తెలిసిపోతుంది. తల కింద రెండు దిండ్లు, కాళ్ల కింద ఒక్కటీ లేదంటే అక్కడ ఆ ఆలోచన లేదన్నమాట.

ఇన్‌చార్జిని ఇంకో ప్రశ్న అడగండి. "ఇప్పుడు మీ దగ్గర ఎంతమందికి పడకపుండ్లు ఉన్నాయి? అందులో ఇక్కడికి వచ్చాక పడినవి ఎన్ని?" అసలు లేవంటే, మంచం దిగలేనివాళ్లు పదుల సంఖ్యలో ఉన్నచోట నేనైతే వెంటనే నమ్మను. "ముగ్గురికి ఉన్నాయి, ఇద్దరు ఆసుపత్రి నుంచి పుండుతోనే వచ్చారు, ఒకరికి ఇక్కడే పడింది, ఇప్పుడు ఇలా చేస్తున్నాం" అని చెప్పే మనిషి దొరికితే ఆవిడను వదులుకోవద్దు. చేరిన రోజునే ఒళ్లంతా చూసి, పుండు పడే ముప్పు ఎంతో లెక్క వేస్తారా అని కూడా అడగండి. దీనికి బ్రేడన్ స్కేల్ అని ఒకటుంది. బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు నర్సులు 1980ల్లో తయారుచేశారు. ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23 మార్కులు. 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ముప్పు ఉన్నట్టు. ఇదే వాడాలని లేదు, వేరేవీ ఉన్నాయి. ఏదో ఒకటి వాడుతున్నారా, మార్కులు వేశాక దాన్నిబట్టి ఏమైనా చేస్తున్నారా అన్నది ముఖ్యం.

చేరిన తర్వాత మీ అమ్మగారి మడమలు, తుంటి, నడుము కింది భాగం వారానికోసారి మీరే చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అది పడకపుండు మొదటి దశ. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనిపించదు. చేత్తో తాకి చూడాలి, చుట్టుపక్కల కంటే వెచ్చగా గట్టిగా ఉందా, రంగు కమిలినట్టుందా అని.

ఇక మందులు. తొమ్మిది రకాలు అన్నారు. మందులిచ్చే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. నర్సు పేరు పెట్టి పిలుస్తోందా, మింగేదాకా నిలబడుతోందా, ఆ తర్వాత సంతకం చేస్తోందా గమనించండి. ముందే అందరికీ సంతకాలు పెట్టేసి తర్వాత పంచుకుంటూ పోతుంటే, మా అక్క ఛార్టు కథే మళ్లీ మొదలు. చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో మాత్రలు వేసి టేబుళ్ల మీద పెట్టి వెళ్లిపోయే చోట్లూ చూశాను. ఎవరి గిన్నె ఎవరు మింగారో ఎవరికి తెలుసు?

సాయంత్రం కంగారు గురించి రాశారు. మతిమరుపు జబ్బులో ఇది తరచూ ఉండేదే. "ఇంటికి వెళ్దాం" అంటూ నడవలో తిరిగే మనిషిని ఏం చేస్తారని రెండు చోట్లా అడిగి, మాట పూర్తయ్యేదాకా వినండి. ఒకరు "కూడా నడుస్తాం, ఆ వేళకు ఆవిడకు ఇష్టమైన పనేదో చేతికిస్తాం, లైట్లు ముందే వేస్తాం" అంటారు. ఇంకొకరు "డాక్టరుగారు చిన్న మాత్ర రాస్తారు" అంటారు. ఆ చిన్న మాత్ర దగ్గర జాగ్రత్త. మతిమరుపు జబ్బున్న వృద్ధులను నెమ్మదింపజేయడానికి యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చేవి) వాడితే చనిపోయే ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక వేయించింది, 2005లో కొత్త రకాలకు, 2008లో పాతవాటికి కూడా. అసలు వాడకూడదని కాదు. తప్పనిసరయ్యే సందర్భాలుంటాయి. ఎవరు రాశారు, ఎందుకు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు చూసి తగ్గిస్తారు అనేది మీకు చెప్పి చెయ్యాలి. కంగారు ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో పెరిగితే మాత్రం అది మతిమరుపు పని కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో నొప్పి, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కావచ్చు. "వయసు కదండీ" అని తేల్చేసే నర్సు దగ్గర మీ అమ్మగారిని ఉంచొద్దు.

పడిపోవడం గురించి అడిగేటప్పుడు "ఇక్కడ పెద్దవాళ్లు పడిపోతుంటారా" అనొద్దు. "ఆఖరిసారి ఎవరు పడ్డారు, అప్పుడేం చేశారు" అనండి. పేరు వాళ్లు చెప్పకూడదు, మీకు అక్కర్లేదు కూడా. ఎంతసేపటికి చూశారు, లేపేముందు దెబ్బలు పరీక్షించారా, తలకు తగిలితే ఎన్ని గంటలు గమనించారు, ఇంటివాళ్లకు ఎప్పుడు ఫోన్ చేశారు, అదే మళ్లీ జరక్కుండా ఏం మార్చారు, ఇవి కావాలి. "మా దగ్గర ఎవరూ పడరండీ" అనే చోటంటే నాకు భయం. ఎవర్నీ కుర్చీలోంచి లేవనివ్వకపోతే ఎవరూ పడరు మరి. అలా కూర్చోబెట్టిన మనిషి కాళ్లలో కొన్ని వారాలకే సత్తువ పోతుంది, అప్పుడు వాకర్ కూడా పట్టుకోలేరు. మీ ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చెయ్యండి. కుర్చీకి మూడు మీటర్ల దూరంలో గీత గీసి, అమ్మగారిని వాకర్‌తోనే లేచి గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండాలి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. ఆవిడకు తప్పకుండా ఎక్కువే పడుతుంది, ఆ అంకె రాసిపెట్టుకోండి. చేర్పించిన మూడు నెలలకు మళ్లీ చూస్తే, అక్కడ నడిపిస్తున్నారో కూర్చోబెడుతున్నారో ఆ అంకే చెబుతుంది.

బరువు కూడా అంతే. చేరిన రోజున, ఆపైన నెలనెలా తూచి రాయాలి. నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరు చూడాల్సిన విషయం. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే పైనుంచి ఎవరికీ కనిపించదు, చీర కట్టులో అసలే కనిపించదు. భోజనాల హాలు మీకు చూపిస్తారు. గదిలోనే తినిపించాల్సినవాళ్లు ఎలా తింటున్నారో కూడా చూపించమని మీరు అడగండి. నిటారుగా కూర్చోబెట్టి, తినిపించే మనిషి కూడా ఎదురుగా కూర్చుని, ఒక ముద్ద మింగాక రెండోది పెడుతోందా? లేక నిలబడి, ఫోన్ చూస్తూ, పడుకున్న మనిషి నోట్లో స్పూన్ కుక్కుతోందా? రెండోది ప్రమాదం. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదని కూడా చాలామంది ఆయాలకు ఎవరూ చెప్పరు.

ఎప్పుడు వెళ్లాలంటే, వాళ్లు రమ్మన్న వేళకు ఒకసారి, రమ్మనని వేళకు రెండుసార్లు. ఆదివారం సాయంత్రం మంచిది. షిఫ్ట్ మారే వేళ ఇంకా మంచిది. వెళ్లే నర్సు వచ్చే నర్సుకు మంచం మంచం దగ్గరా నిలబడి అప్పగిస్తోందా, లేక బ్యాగు తగిలించుకుని గుమ్మంలో "అంతా బాగానే ఉంది" అనేసి పోతోందా తెలుస్తుంది. వాసన కూడా చూడండి. ఒక గది దగ్గర వాసన వచ్చి కాసేపటికి పోతే అది అప్పుడే జరిగింది, అప్పుడే శుభ్రం చేశారు. నడవంతా పట్టేసిన వాసన వేరు. నడవంతా గుప్పుమనే సెంటు నాకు ఇంకా అనుమానం. మంచినీళ్లు, కళ్లజోడు, కాల్ బెల్ చేతికి అందేలా ఉన్నాయా చూడండి. ఖాళీ గది చూపించేటప్పుడు అడిగి ఆ బెల్ నొక్కండి. ఎవరైనా వచ్చేదాకా మాట్లాడకుండా వాచీ చూడండి.

మీ అమ్మగారికి ఏ స్థాయి సాయం కావాలో ముందు మీరే తేల్చుకోండి. సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు బృందం 1963లో ఒక జాబితా ప్రచురించింది. స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కు వెళ్లడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఈ ఆరింటిలో ఎన్ని సొంతంగా చేసుకుంటారో రాయండి. ఇవాళ నాలుగనుకుందాం. రెండుకు తగ్గినప్పుడు ఏం చేస్తారని అడగండి. పై స్థాయి నర్సింగ్ అదే ఆవరణలో ఉందా, లేక "ఇక మేం చూడలేం, తీసుకెళ్లండి" అంటారా? ఒప్పందంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. అదనపు చార్జీలూ, మధ్యలో మానేస్తే వెనక్కి వచ్చేదీ కూడా అక్కడే ఉంటాయి.

రెండింటిలో ఏది అంటే, నేనైతే ముందు పాతదానికి మళ్లీ వెళ్తాను. కాకపోతే చిక్కు తీసిన ఆయాను చూసి మాత్రమే చేర్పించను. ఆవిడ ఎన్నాళ్లనుంచి అక్కడ పనిచేస్తోంది, రోజూ అదే అంతస్తా అని పలకరించి కనుక్కోండి. ఏళ్ల తరబడి మనుషులు మారని చోట, ముసలావిడ ఇవాళ రోజూలా లేదని మాట రాకముందే కనిపెడతారు. అయినా రాత్రి లెక్క, పుండ్ల లెక్క ఆ పాత భవనంలో కూడా అడగాల్సిందే. ప్రేమగా ఉండే ఆయా ఉండి నర్సు లేకపోతే, షుగర్ పడిపోయిన రాత్రి ప్రేమ ఒక్కటే సరిపోదు. కుదిరితే రెండు వారాలు తాత్కాలికంగా ఉంచి చూడండి. అన్నయ్యగారికి ఈసారి వీడియో పంపేటప్పుడు డ్యూటీ రిజిస్టరు కూడా చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారు ఏడాదిగా ఒక వృద్ధుల కేంద్రంలో ఉన్నారు. ఈ మధ్య చేతుల మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. అడిగితే "రక్తం పలచబడే మందులు కదా" అంటున్నారు. గట్టిగా అడిగితే మేం వెళ్లాక ఆ కోపం ఆయన మీద చూపిస్తారేమోనని టెన్షన్.

జవాబు: వాళ్లు చెప్పింది అబద్ధం కానక్కర్లేదు బాబూ. ఆ మందులు వాడేవాళ్లకు, పలచబడిన ముసలి చర్మానికి, ముంజేతుల మీద చిన్న తాకిడికే మచ్చలు పడతాయి. భుజం దిగువన వేళ్ల గుర్తుల్లా వరసగా ఉన్నా, రెండు మణికట్ల చుట్టూ ఉన్నా, తొడల లోపలి వైపు ఉన్నా అది వేరే సంగతి. అప్పుడు ఆ రోజే ఇన్‌చార్జి ముందు అడగాలి, బయటి డాక్టరుకు చూపించాలి. నాన్నగారు మాట్లాడగలిగితే, సిబ్బంది లేనప్పుడు మెల్లగా అడగండి. ఆయా చెయ్యి తగలగానే ఆయన ముడుచుకుంటున్నారా చూడండి.

నోటితో గొడవ పడొద్దు. తేదీ, వేళ, ఏం చూశారు, ఎవరు ఏమన్నారు అని నోటు పుస్తకంలో రాసి, ఫోటో తీసి, ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి. "ఎవరు చేశారు" అనే బదులు "మంచం మీంచి లేపేటప్పుడు ఎలా పట్టుకుంటున్నారో నాకు చూపించండి" అనండి. చంకల్లో చేతులు వేసి లాగే అలవాటుంటే అక్కడే బయటపడుతుంది. రోజూ ఒకే వేళకు వెళ్లకండి. మీ భయం నాకు అర్థమవుతుంది కానీ, ఎప్పుడు ఎవరొస్తారో తెలియని మంచం దగ్గర చేతులు కాస్త జాగ్రత్తగానే ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, నేను ఇలాంటి చోటే నైట్ డ్యూటీ ఆయాను. 28 మందికి ఇద్దరం. అందర్నీ తిప్పలేం, డైపర్లు మార్చలేం. ఛార్టు నింపకపోతే మేట్రన్ తిడుతుంది, నింపితే ఇంటివాళ్లు తిడతారు. నా నడుము కూడా పోయింది. ఏం చెయ్యను?

జవాబు: తల్లీ, మా అక్క ఛార్టు నింపిన అమ్మాయిని నేను ఆ రోజు తిట్టలేదు. ఆ అంతస్తులో ఆమె ఒక్కతే ఉంది. కానీ చెయ్యని పని మాత్రం రాయొద్దు. తిప్పలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన "ఇద్దరమే ఉన్నాం, 14వ గదిలో వాంతులు" అని రాయి. నింపేసిన ఛార్టు చూస్తే ఇద్దరే చాలుతున్నారని పైవాళ్లు అనుకుంటారు. ఖాళీ గడులు పోగైతే మూడో మనిషిని అడగడానికి మేట్రన్ చేతికీ ఏదో ఒకటి ఉంటుంది. ఆవిడకు ఈ పేజీ చూపించు, నేను రాశానని చెప్పు.

అందర్నీ తిప్పలేని రాత్రి, తమంతట తాము అసలు కదల్లేనివాళ్లను ముందు చూడు. కాస్త పొర్లగలిగేవాళ్లు తర్వాత.

నడుము సంగతి. ఒక్కదానివే లాగుతున్నావు కదూ? దుప్పటిని సగానికి మడిచి మనిషి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచు. జరపాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ చెరోవైపు నిలబడి, మంచం ఎత్తు మీ నడుము దాకా పెంచి, ఆ దుప్పటి అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోండి. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒకటి రెండు మూడు అని పైకి చెప్పుకుని ఒకేసారి ఎత్తి జరపండి. పరుపు మీద ఈడ్చకండి. ఈడిస్తే ఆ మనిషి చర్మం ఒరుసుకుపోతుంది, నీ నడుమూ పట్టేస్తుంది.